61వ భాగం చదివాక: రోదే అన్న ‘సరే’ ఎవరిది?

నీలిసిరా

61వ భాగం దాకా రానివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథంతా చెప్పేస్తాను.

మనందరం చదువుతున్న ఆ రోము సీరియల్ గురించే. పేరు రాయడం లేదు. రచయిత్రి వెతుక్కుంటూ వచ్చి ఇది చదివి బాధపడటం నాకిష్టం లేదు. ఎవరి గురించో మీకు ఎలాగూ తెలుసు.

పద్నాలుగు నెలలుగా ప్రతి శుక్రవారం రాత్రి పన్నెండింటికి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. నిన్న రాత్రి 61 చదివాక ఫోన్ బోర్లా పెట్టి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. ప్రాణం ఉసూరుమంది, అంతే.

మొదటి భాగం గుర్తుందా? క్రీ.శ. 62. ఒక పెద్దింట్లో లెక్కలు రాసే బానిస పిల్ల రోదే. దీపం దగ్గర మైనపు పలక పెట్టుకుని, గంటాన్ని తిరగేసి, వెడల్పుగా ఉన్న కొసతో ఎవరిదో అప్పు చెరిపేస్తుంటుంది. మైనం మెత్తబడి అక్షరాలు పోతాయి. కానీ రాసినవాడు గట్టిగా నొక్కి రాయడం వల్ల కింద చెక్క మీద గీత పడి ఉంటుంది. ఆ గీత మీద వేలు పెట్టి, ఏ పేరో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. నేను ఆ పేరా మూడుసార్లు చదివాను. మన భాషలో, అందులోనూ క్రైస్తవ ప్రేమకథల్లో, ఇలా రాసేవాళ్లు దొరికారే అని సంబరపడ్డాను.

తర్వాత 9వ భాగం. ఫెలిక్స్ వస్తాడు. అతను కూడా ఒకప్పుడు బానిసే. ఇప్పుడు రాత్రిళ్లు వీధుల్లో తిరుగుతూ నిప్పు అంటుకోకుండా చూసే దళంలో పని. మేడ మీద నీళ్లు నింపి ఉంచారో లేదో చూడటానికి ఆ ఇంటికి వస్తాడు. నాలుగోసారి వచ్చినప్పుడు అడుగుతాడు, నన్ను చేసుకుంటావా అని. రోదే ఏమంటుంది? “నేను సరే అన్నా ఆ సరే నాది కాదు. ఈ నోరు కూడా అయ్యగారి లెక్కలోనే ఉంది.”

నా దృష్టిలో కథంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది. ఆదివారం తెల్లవారకముందు ఎవరో ఒకరి ఇంట్లో విశ్వాసులు కూడుకుంటారు. గ్రీకు చదవడం వచ్చింది ఆమెకే కాబట్టి పౌలు రాసిన ఉత్తరం ఆమే చదివి వినిపిస్తుంది. అక్కడ ఆమె సహోదరి. తెల్లారితే మళ్లీ ఇంటి సామాన్ల పట్టీలో ఒక వస్తువు. ఈ రెండింటి మధ్య నలిగిపోయే పిల్ల ‘సరే’ అనాలంటే ఏం జరగాలి? అరవై వారాలు నేను చదివింది ఆ జవాబు కోసం.

మరి 61లో ఏం జరిగింది? రోము తగలబడింది. అయ్యగారి మీద దూలం పడి చనిపోయాడు. రోదేని కొన్న పత్రం కాలిపోయింది. “ఇక నువ్వు స్వేచ్ఛాజీవివి” అని సంఘపెద్ద ప్రకటించాడు. ఫెలిక్స్ మోకరించి ఒక ప్రార్థన చేశాడు, వెంటనే బాప్తిస్మం, ఆ వెంటనే పెళ్లి. ఇదంతా రెండు వేల పదాల్లో! నీళ్ల బిందె నింపడానికి మాత్రం అంతకుముందు ఒక భాగమంతా పట్టింది.

నాకొక్కదానికే ఇలా అనిపించిందా?

కథలబండి

మీరొక్కరే కాదండీ. నేను 61 చదివి, మధ్యలో ఒక భాగం ఎగిరిపోయిందేమో అని వెనక్కి వెళ్లి చూసుకున్నాను. ఎగిరిపోలేదు.

కీర్తన

నీలిసిరా గారూ, మీరు బాగా రాస్తారు, మీ రివ్యూలన్నీ చదువుతాను. కానీ ఈసారి ఒప్పుకోలేను. ఇది భక్తి కథ. రోదే అరవై భాగాలు ప్రార్థించింది, దేవుడు విడిపించాడు. చెరసాల పునాదులు కదిలి తలుపులు తెరుచుకోవడం అపొస్తలుల కార్యాల్లో లేదా? అక్కడ ‘ఇంత సులువుగానా’ అని మనం అడగం కదా. 61 చదివి నేను కన్నీళ్లు పెట్టుకున్నాను. వారమంతా అలిసిపోయి వచ్చి చదివే నాలాంటివాళ్లకు ఆ పెళ్లి కావాలి. అందరూ పరీక్ష పేపర్ దిద్దినట్టు చదవలేరు.

పాతప్రతి

నేను మాత్రం పరీక్ష పేపర్ దిద్దినట్టే చదువుతాను, కీర్తన గారూ. అలవాటు పోదు. కాబట్టి నా గోల కూడా వినండి.

చిన్నాచితకా తప్పులు నేను పట్టించుకోలేదు. 23లో కొవ్వొత్తి వెలిగించారు. రోములో కొవ్వొత్తులు లేవని కాదు, ఉన్నాయి. కానీ ఆ ఇంట్లో అంతదాకా నూనె దీపమే ఉంది, మైనపు పలక మెత్తబడింది కూడా దాని వేడికే. 31లో రోదే మెడలో సిలువ గొలుసు. సిలువ అప్పటికి మెడలో వేసుకునే గుర్తు కాదు, కళ్లెదుట మనుషుల్ని చంపే కొయ్య. సుమారు 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా క్లెమెంతు అనే క్రైస్తవ రచయిత ముద్ర ఉంగరాల మీద ఏ గుర్తులుండాలో చెబుతూ పావురం, చేప, ఓడ, లంగరు అంటాడు గానీ సిలువ అనడు. 38లో పెద్దాయన “మొదటి కొరింథీ పదమూడో అధ్యాయం నాలుగో వచనం తీయండి” అన్నాడు. నవ్వొచ్చింది. ఇప్పుడు మనం వాడే అధ్యాయాలు 13వ శతాబ్దంలో వచ్చాయి, కొత్త నిబంధనకు ఈ వచన సంఖ్యలు 1551లో. రోదే కాలానికి ‘కొత్త నిబంధన’ అనే పుస్తకమే లేదు. చుట్ట విప్పి మొదటి నుంచి చదువుకుంటూ పోవడమే. 52లో సమాధుల సొరంగాల్లో దాక్కున్నారు. ఆ భూగర్భ శ్మశానాలు రెండో శతాబ్దం నుంచి మొదలైనవి, అదీ పాతిపెట్టడానికే గానీ కాపురాలుండటానికి కాదు. 58లో కొలోసియం. దాన్ని కట్టడం మొదలైందే నీరో చక్రవర్తి పోయాక, వెస్పసియను కాలంలో. తెరిచింది 80లో.

ఇవన్నీ క్షమించేశాను. కథ బాగుంటే సిలువ గొలుసేంటి, చేతికి వాచీ కట్టినా ఊరుకుంటాను.

క్షమించలేనిది పత్రం కాలిపోవడం. పత్రం కాలితే బానిస విడుదల కాదు. యజమాని చనిపోతే బానిస ఇల్లు, పొలంతోపాటు వారసుడికి పోతుంది. ఆ వారసుడు కథలోనే ఉన్నాడు! 17వ భాగం నుంచి ఉన్నాడు, అయ్యగారి మేనల్లుడు, రోదే వైపు చూసే చూపు మంచిది కాదని మూడుసార్లు రాశారు. నిప్పు అంటుకోగానే అతను ఏమయ్యాడు? ఒక్క వాక్యం కూడా లేదు. నా భయమంతా “ఇప్పుడు రోదే మేనల్లుడి చేతికి పోతుంది” అనే. అసలు కథ అక్కడ మొదలవ్వాలి. అక్కడే మంగళం పాడేశారు.

మోడరేటర్

శీర్షికకు స్పాయిలర్ గుర్తు పెట్టాను. రచయిత్రిని వ్యక్తిగతంగా ఏమీ అనకండి. ఇప్పటిదాకా ఎవరూ అనలేదు, ముందే చెబుతున్నాను.

నీలిసిరా

పాతప్రతి గారూ, మేనల్లుడు! నిజమే, నేను మర్చేపోయాను. మర్చిపోయేలా చేశారు చూడండి, అది ఇంకా ఘోరం.

కీర్తన గారూ, మీ కన్నీళ్లను నేను తక్కువ చేయడం లేదు. కానీ మీరు చెప్పిన చెరసాల సంగతే తీసుకుందాం. అక్కడ తలుపులు తెరుచుకున్నాక పౌలు, సీల పారిపోలేదు. కత్తి దూసి పొడుచుకోబోతున్న చెరసాల నాయకుడిని ఆపారు. అంటే అద్భుతం జరిగాకే ఏం చేయాలన్న అసలు చిక్కు వచ్చింది. ఇక్కడ అద్భుతం జరిగాక ఎవరికీ ఏ చిక్కూ లేదు. రోదేని ఎవరూ ఏమీ అడగలేదు కూడా. మళ్లీ చదివి చూడండి, 61లో ఆమె ‘సరే’ అన్న మాటే లేదు. సంఘపెద్ద “వీరిద్దరూ” అన్నాడు, తర్వాత అందరూ పాడారు. అయ్యగారి నోటి నుంచి సంఘపెద్ద నోటికి మారిందంతే. ఆ పిల్ల నోరు ఆ పిల్లకి రాలేదు.

అర్ధరాత్రి_చదువరి

నేను క్రైస్తవుణ్ణి కాదు, ప్రేమకథ కోసం వచ్చి ఇరుక్కుపోయినవాణ్ణి. ఒక మాట చెప్పొచ్చా?

నాకు రోదే కంటే ఫెలిక్స్ ఇష్టం. అతను రోదే దేవుణ్ణి నమ్మకపోవడానికి ఒక కారణముంది. 26లో చెబుతాడు: చిన్నప్పుడు ఒక ఇంటి మంటల్లో వాళ్లమ్మను వదిలేసి బయటికి పరిగెత్తాడు. ఆ ఇంటి గోడ గూట్లో ఉన్న ఇలవేల్పుల బొమ్మలు మాత్రం నల్లబడకుండా మిగిలాయి. అప్పట్నుంచి ఏ దేవుడి పేరెత్తినా “నాకు బిందె చాలు” అంటాడు. నారతో అల్లి తారు పూసిన బిందె, నీళ్లు కారవు, తేలిగ్గా ఉంటుంది. ఆ బిందెను పట్టుకుని మాట్లాడతాడు. ఆ సీన్ చదివాక మనసు చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

అలాంటివాడు మారడు అనడం లేదు. మారితే ఎలా మారాడో చూపించాలి కదా. మళ్లీ మంట, మళ్లీ ఒక ఆడమనిషి లోపల. ఈసారి పరిగెత్తాడా, లోపలికి వెళ్లాడా, వెళ్లినప్పుడు మనసులో ఏముంది? 61లో ఉన్నదల్లా “అతని హృదయం కరిగింది” అన్న మూడు మాటలు. మతం మారితేనే పెళ్లి కాబట్టి ముహూర్తానికి ముందు గబగబా సంతకం పెట్టించినట్టు ఉంది. మీ విశ్వాసానికి కూడా అది గౌరవం కాదనిపించింది. తప్పుగా మాట్లాడితే క్షమించండి.

కథలబండి

“నాకు బిందె చాలు”... ఆ డైలాగ్ నా ప్రొఫైల్‌లో ఉండేది. నిన్న తీసేశాను.

కీర్తన

అర్ధరాత్రి గారూ, తప్పేమీ లేదు. నిన్న రాత్రి మీ కామెంట్ చదివి జవాబు రాయబోయి ఆపేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

మా ఆయన నా తర్వాత పదకొండేళ్లకు బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పదకొండేళ్లూ ప్రతి ఆదివారం నన్ను గేటు దాకా దింపి బయటే నిలబడేవారు. లోపలికి రమ్మని నేను మొదట్లో పోరు పెట్టేదాన్ని, తర్వాత మానేశాను. పేతురు మొదటి పత్రికలో, వాక్యానికి లోబడని భర్తలు ఏ మాటా లేకుండానే భార్యల నడవడి వల్ల రాబట్టబడతారని ఉంది కదా, దాన్ని పట్టుకుని ఉండేదాన్ని. ఒక ఆదివారం వాన పడుతోంది, వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. అంతే. అప్పుడు కూడా ఇంకో రెండేళ్లు పట్టింది. “హృదయం కరిగింది” అని నేను ఏ రోజు గురించి చెప్పాలో నాకు తెలియదు.

కాబట్టి మీరన్నది నిజమే. నేను 61 చదివి ఏడ్చింది ఫెలిక్స్ కోసం కాదేమో, ఆ వాన రోజు గుర్తొచ్చి ఏడ్చానేమో. కథలో లేనిది నేను తెచ్చి పెట్టుకున్నాను. అయినా పెళ్లి జరగాల్సిందే అనే మాట మీద మాత్రం ఉన్నాను!

అర్ధరాత్రి_చదువరి

అది రాయండి. నిజంగా. ఆ గేటు, ఆ వాన. నేను చదువుతాను.

వారంవారం

నేనూ సీరియల్ రాస్తాను, వేరే చోట, వేరే పేరుతో. రచయిత్రిని వెనకేసుకురావడానికి రాలేదు గానీ లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

పుస్తకంగా రాస్తే చివర కుదరకపోతే వెనక్కి వెళ్లి మొదలు సర్దుకోవచ్చు. సీరియల్‌కి ఆ వీలుండదు. 9వ భాగంలో ఒక మాట అనిపించావు, అది ఎప్పుడో అచ్చయిపోయింది, వేల మంది చదివేశారు. 40వ భాగానికి వచ్చేసరికి ఆ మాటకు జవాబు నీ దగ్గర లేదని నీకు తెలుస్తుంది. అయినా శుక్రవారం ఆగదు. ముందుగా రాసి పెట్టుకున్నవి అయిపోయాయనుకోండి, ఇక గురువారం రాత్రి రాసి శుక్రవారం పెట్టడమే. నిద్ర చాలదు. అప్పుడు చేయి ఎటు పోతుందంటే, కామెంట్లలో ఎక్కువమంది అడిగినవైపు పోతుంది.

కామెంట్లు ఒకసారి చూడండి. 40 నుంచి 60 దాకా ఏం అడిగారో.

కథలబండి

చూశాను. వామ్మో.

“పెళ్లెప్పుడు?” “ఇంకెన్ని వారాలు ఏడిపిస్తారు?” “ఫెలిక్స్ రక్షణ పొందాలి ప్లీజ్” “మేనల్లుడి సీన్లు వద్దు, టెన్షన్ తట్టుకోలేకపోతున్నాం” (దీనికి మూడొందల పైచిలుకు లైకులు).

ఇంకోటి. 44వ భాగం కింద: “ఎంత సాగదీస్తారండీ, వాళ్లిద్దరికీ ముడిపెట్టేయండి ఇక.” పెట్టినవారి పేరు నీలిసిరా. 🙂

నీలిసిరా

దొరికిపోయాను.

ఆ వారం ఆఫీసులో నరకంగా ఉంది. ఒక్క మంచి సంగతైనా చదవాలనిపించి రాశాను. దాన్ని రచయిత్రి ఆజ్ఞలా తీసుకుంటారనుకోలేదు. అయినా, సాగదీయొద్దు అన్నానే గానీ, చిక్కుముడిని కత్తిరించి పారేయమన్నానా? ముడి విప్పితే చూడాలనే కదా ఇన్నాళ్లు కూర్చున్నాను.

సరే, ఒప్పుకుంటున్నాను. నా వాటా ఉంది.

పాతప్రతి

నాకు లేదు. నేను ఎప్పుడూ కొవ్వొత్తుల గురించే కామెంట్ పెట్టాను.

ముడి ఎలా విప్పొచ్చు అని రాత్రంతా ఆలోచించాను. తమాషా ఏంటంటే విప్పడానికి కావాల్సినవన్నీ ఆ కాలపు చట్టంలోనే ఉన్నాయి, కొన్ని రచయిత్రి మొదటి భాగాల్లో వాడుకున్నారు కూడా. ఫెలిక్స్ గుర్తున్నాడు కదా, “ఇంకా రెండేళ్లు” అని గోడ మీద గీతలు గీసుకుంటుంటాడు. అది కల్పన కాదు. అరకొరగా విడుదలైన బానిసలకు పౌరసత్వం ఉండేది కాదు. లాటిన్ హోదా అనేవారు. ఆ నిప్పుల దళంలో ఆరేళ్లు పనిచేస్తే పౌరసత్వం ఇచ్చేలా 24లో చట్టం వచ్చింది. ఆ గీతలు దానికోసమే. మంట మధ్యలో దళాన్ని వదిలేసి రోదే కోసం పరిగెత్తాడే, మరి ఆ రెండేళ్లు ఏమయ్యాయి? నాలుగేళ్ల గీతలు బూడిదలో కలిసినట్టేనా? అతను దేన్ని వదులుకుని వచ్చాడో రోదేకు తెలిసిన క్షణం ఒకటి ఉండాలి. లేదు.

రోదే వైపు చూద్దాం. వయసు పంతొమ్మిది. ఆగస్టస్ కాలంలో, క్రీ.శ. 4లో వచ్చిన చట్టం ప్రకారం ముప్పై ఏళ్లలోపు బానిసను విడిచిపెట్టినా మామూలుగా పూర్తి పౌరురాలు కాదు. సరైన కారణం చూపించి ఒక మండలిని ఒప్పించాలి. ఒప్పుకునే కారణాల్లో ఒకటి ఏంటో తెలుసా? యజమానే ఆమెను పెళ్లి చేసుకోవాలనుకోవడం. మేనల్లుడి చేతిలో ఎంత పెద్ద ఆయుధమో చూడండి! “నిన్ను పౌరురాలిని చేస్తాను, నన్ను చేసుకో” అనగలడు. అప్పుడు రోదే ‘వద్దు’ అంటే? మొదటిసారి ఆమె నోటి నుంచి ఆమె సొంత మాట వస్తుంది. ‘సరే’ కంటే ముందు ‘వద్దు’ రావాలి ఈ కథలో.

ఇంకొకటి. బానిసల మధ్య పెళ్లి చట్టం ముందు పెళ్లే కాదు, కలిసి ఉండటమంతే. ఒకరిని అమ్మేస్తే అడిగేవాడు లేడు. పుట్టిన బిడ్డ తల్లి యజమానికి చెందుతుంది. కానీ లాటిన్ హోదా ఉన్నవాడు సాక్షుల ముందు పెళ్లాడి, బిడ్డ పుట్టి, ఆ బిడ్డకు ఏడాది నిండితే, అధికారి ముందుకెళ్లి రుజువు చేసుకుని కుటుంబమంతా పౌరులు కావచ్చు. ఏడాది బిడ్డ! రాత్రిపూట దగ్గు వస్తే చాలు గుండె ఆగిపోయే రోజుల్లో, బిడ్డ పుట్టినరోజు కోసం రోజులు లెక్కపెట్టుకునే తల్లిదండ్రులు. దీనిమీద ఒక్కదానిమీదే ఇరవై భాగాలు రాయొచ్చు.

ఇక ఆ అగ్నిప్రమాదం. 64 జులై. పెద్ద రథాల మైదానం పక్కన, సరుకుల కొట్లలో అంటుకుంది. రోమన్ చరిత్రకారుడు తాసితు లెక్క ప్రకారం నగరంలోని పద్నాలుగు పేటల్లో నాలుగు మాత్రమే క్షేమంగా మిగిలాయి, మూడు నేలమట్టం, మిగతా ఏడింట్లో కాలిన మొండిగోడలు. ఆర్పబోయినవాళ్లను కొందరు బెదిరించి ఆపారని, కొందరు బాహాటంగా కాగడాలు విసిరారని కూడా రాశాడు. ఆరో రోజున ఎస్క్విలీన్ కొండ కింద ఇళ్లను విశాలంగా కూల్చి ఖాళీ జాగా చేసి మంటను ఆపారు. తర్వాత మళ్లీ రాజుకుంది.

ఇళ్లు కూల్చింది ఎవరు? ఫెలిక్స్ లాంటివాళ్లే అయి ఉండాలి. గొడ్డళ్లు, కొక్కేలు ఉన్నది వాళ్ల దగ్గరే. రోదే ఉన్న ఇల్లు ఆ వరసలో పడితే? తన చేత్తో ఆ గోడకు కొక్కెం వేయాల్సి వస్తే? దూలం దానంతటది పడనక్కర్లేదు.

వారంవారం

పాతప్రతి గారూ, మీరు రాయరెందుకు?

పాతప్రతి

నాకు రాయడం రాదు. తప్పులు పట్టడమే వచ్చు.

అర్ధరాత్రి_చదువరి

గోడకు కొక్కెం వేయడం. అబ్బా. ఆ ఒక్క సీన్ ఉంటే అతను ఏ దేవుణ్ణి నమ్మినా నేను నమ్మేవాణ్ణి.

ఉదయతార

కొత్త సభ్యురాలిని, ఆలస్యంగా వచ్చాను. అందరూ పెళ్లి గురించే మాట్లాడుతున్నారు. నన్ను బాధపెట్టింది వేరు. మంట తర్వాత నీరో నింద విశ్వాసుల మీద వేశాడు కదా. జంతువుల తోళ్లు కప్పి కుక్కల చేత చీల్పించారు, సిలువ వేశారు, రాత్రి వెలుగు కోసం కాల్చారు. తాసితు క్రైస్తవులంటే ఇష్టం లేనివాడే, అయినా జనానికి జాలి కలిగిందని రాశాడు. సీరియల్‌లో పెళ్లి అయిన వెంటనే “వారు సంతోషంగా జీవించారు” అని సమాప్తం కార్డు పడేలా ఉంది. ఆ సంఘంలో పాట పాడినవాళ్లందరూ వచ్చే నెలకు ఎక్కడుంటారో మనకు తెలుసు. ఆ పాట నాకు వినబుద్ధి కాలేదు.

నీలిసిరా

ఉదయతార గారూ, స్వాగతం. ఇంకో నాలుగు రోజులు ఇదే ఆలోచిస్తూ ఉంటాను మీ పుణ్యమా అని.

పాతప్రతి

ఆమె మాటకు తోడు. చరిత్రలో బానిస ఆడవాళ్లు నోరు లేనివాళ్లుగా ఉండిపోలేదు. సుమారు 112లో ప్లీనీ అనే అధికారి చక్రవర్తి త్రాజానుకు ఉత్తరం రాస్తూ, సంఘంలో పరిచారకులుగా పిలవబడే ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టి విచారించానని చెబుతాడు. పేర్లు రాయలేదు. 177లో లియోనులో బ్లందీనా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంతులవారీగా హింసించినవాళ్లే అలిసిపోయారని ఆ సంఘం ఉత్తరంలో ఉంది. 203లో కార్తేజులో ఫెలిసిటీ, చెరసాలలో బిడ్డను కన్నది. వీళ్లలో ఎవరిదీ కాగితాలు కాలి వచ్చిన స్వేచ్ఛ కాదు.

కీర్తన

ఒక వాక్యం గురించి అడగాలి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో, దాసుడిగా ఉండగా పిలవబడ్డావా, చింతపడొద్దు, స్వతంత్రుడివి కాగలిగితే అది మరీ మంచిది అని మన బైబిల్లో ఉంది. రోదే ఇది చదివి వినిపించే సీన్ 19లో ఉంది కదా. అక్కడ ఆమె గొంతు ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో రచయిత్రి చెప్పలేదు. నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

పాతప్రతి

మంచి చోట పట్టుకున్నారు. గ్రీకులో అక్కడ “మరి ఎక్కువగా వాడుకో” అని మాత్రమే ఉంది. దేన్ని వాడుకోవాలి? స్వేచ్ఛనా, ఉన్న స్థితినా? పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు, అనువాదాలు రెండు వైపులా ఉన్నాయి. గ్రీకు చదివే రోదేకు ఆ ఖాళీ కనిపించి ఉంటుంది. రచయిత్రికి ఆ సంగతి తెలిసే గొంతు ఆపించారని నా అనుమానం. అందుకే కోపం. తెలియనివారు రాస్తే ఇంత బాధుండదు.

నీలిసిరా

నిన్న రాత్రి నుంచి వెనక్కి చదువుతున్నాను. 19, 9, 1. మైనపు పలక దగ్గరికి వచ్చాను. కింద చెక్క మీద ఉన్న గీత ఎవరి పేరో చెప్తానని మొదటి భాగంలో ఆశ పెట్టారు గుర్తుందా? అది కూడా చెప్పలేదు. రోదే వేలు ఇంకా ఆ గీత మీదే ఉంది.

వారంవారం

ఇది చదివారా? రచయిత్రి నోట్ పెట్టారు ఇందాక. సమాప్తం కాదట, 62 ఉందట. “మేనల్లుడి గురించి అడిగినవారికి” అని ఒక్క ముక్క రాశారు.

కథలబండి

ఇక్కడ చదువుతున్నారంటారా??

మోడరేటర్

ఎవరు చదువుతున్నా రూల్ అదే. మర్యాదగా మాట్లాడండి.

కీర్తన

రచయిత్రి గారూ, చదువుతుంటే, కోపం తెచ్చుకోకండి. ఇష్టం లేనివాళ్లు ఇంత రాయరు.

అర్ధరాత్రి_చదువరి

ఫెలిక్స్‌కి బిందె తిరిగి ఇచ్చేయండి మేడమ్, చాలు.

నీలిసిరా

శుక్రవారం, 12:20. చదివేశాను.

మేనల్లుడు బతికే ఉన్నాడు. కాలిన ఇంటి ముందు నిలబడి, మిగిలిన సామాన్ల పట్టీ రాయిస్తున్నాడు. రాయడానికి మనిషి కావాలి కదా. పిలిపించాడు. పెళ్లయిన మూడో రోజు, రోదే మళ్లీ పలక పట్టుకుని కూర్చుంది. అతను ఒక్కో వస్తువు చెబుతున్నాడు, ఆమె రాస్తోంది. కంచు కుండలు నాలుగు. రాతి బల్ల ఒకటి. తర్వాత ఆమె పేరు చెప్పాడు. ఆమె గంటం ఆగింది. అక్కడ ఆపేశారు, వచ్చే వారం అని.

పాతప్రతి గారూ, మొదటి పేరాలో మళ్లీ కొవ్వొత్తి ఉంది.

పాతప్రతి

చూశాను. ఈసారికి ఏమీ అనను.